కందెన గొట్టం నుంచి ఆయిల్ డబ్బా దాకా



పోయిన నెల మన సమావేశం ముగిసి అందరం కాఫీ తాగుతుంటే ఒక తమ్ముడు వచ్చి అడిగాడు. "అన్నా, 1994 మోడల్ లారీ ఒకటి సెకండ్ హ్యాండులో తీసుకున్నా. ఇంజిన్ ఆయిల్ ఏది పోయమంటారు?" అంతే, కాఫీలు చల్లారిపోయాయి గానీ జవాబులు ఆగలేదు. ఒకరు తమ నాయన పోసిన బ్రాండే పోయమన్నారు. ఇంకొకరు "పాత ఇంజినుకు చిక్కటి ఆయిలే మందు" అన్నారు. మరొకరు అంగట్లో అన్నిటికన్నా ఖరీదైన డబ్బా కొనమన్నారు. పది మంది పది పేర్లు చెప్పారు. ఆ బండిలో ఉన్నది ఏ ఇంజిను, దానికి టర్బో ఉందా, పాత ఓనరు ఇన్నాళ్ళూ ఏం పోశాడు అని మాత్రం ఒక్కరూ అడగలేదు. నిజం ఒప్పుకోవాలి, మేమూ అడగలేదు.

ఇంటికొచ్చాక అదే ఆలోచన. ధర్మపురిలో లారీలు నడిపిన మన తెలుగు ఇళ్ళల్లో ఆయిల్ గురించి బోలెడు నియమాలున్నాయి. "బ్రాండు మార్చొద్దు." "పల్చటిది పోయొద్దు." "పుస్తకంలో చెప్పినదాంట్లో సగం కిలోమీటర్లకే మార్చెయ్." ఇవి ఎవరో ఊరికే చెప్పినవి కావు. ఒక్కో నియమం వెనక ఒక కారణం ఉంది, కొన్నిటి వెనక ఒక ఇంటి కష్టం కూడా ఉంది. నియమం మిగిలింది, కారణం మరిచిపోయాం. ఈసారి ఆ కారణాల చరిత్ర రాద్దామనుకున్నాం. కొంచెం పొడుగే, ఓపిగ్గా చదవండి.

ముందుగా ఆంధ్ర, తెలంగాణల నుంచి చదివే చుట్టాల కోసం ఒక మాట. మాది గోదావరి ఒడ్డున నరసింహస్వామి వెలసిన ధర్మపురి కాదు. తమిళనాడు ధర్మపురి. పాతకాలంలో తగడూరు. అతియమాన్ ఏలిన ఊరు, అవ్వైయార్‌కు ఉసిరికాయ ఇచ్చిన కథ పుట్టిన చోటు. 1792లో టిప్పు సుల్తాన్ నుంచి బారామహల్ ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చాక థామస్ మన్రో కొన్నేళ్ళు ఇక్కడే పనిచేశాడు. 1965 అక్టోబర్ 2న సేలం నుంచి విడిపోయి జిల్లా అయింది. 2004లో కృష్ణగిరి మననుంచి విడిపోయింది. అంతవరకూ హోసూరు, డెంకణికోట కూడా మన జిల్లానే. తెలుగు ఇళ్ళు ఎక్కువగా ఉన్న తాలూకాలవి.

లారీకి ముందు బండి. ఎడ్లబండి కింద ఒక వెదురు గొట్టం వేలాడుతుండేది, దాంట్లో కందెన. ఆముదంలో కాల్చిన గడ్డి మసి కలిపి చేసేవాళ్ళు. ఇరుసుకు రాస్తే చక్రం కిర్రుమనకుండా తిరిగేది. కరణాన్ని కందెనతో పోల్చిన పద్యం సుమతీ శతకంలో ఉంది, బళ్ళో చదువుకున్నవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. మన అవ్వలకూ తాతలకూ కందెన అంటే ఒక్కటే పని: రాపిడి తగ్గించడం. ఏ ఊరి ఆముదమైనా ఒకటే, ఏ గడ్డి మసైనా ఒకటే. ఆయిలంటే ఆయిలే కదా అనే మాట మన నోట్లో ఇంకా ఉందంటే దాని మూలం అక్కడే ఉందని మా అనుమానం.

ఆముదం మోటారు ఇంజిన్లలోకి కూడా వెళ్ళింది. 1909లో ఇంగ్లండులో వేక్‌ఫీల్డ్ కంపెనీ ఖనిజ తైలంలో ఆముదం కలిపి అమ్మింది. ఆముదాన్ని ఇంగ్లీషులో క్యాస్టర్ అంటారు కాబట్టి దానికి క్యాస్ట్రాల్ అని పేరు పెట్టింది. మనం అంగట్లో అడిగే పేరు వెనక మన బండి గొట్టంలోని ఆముదమే ఉంది.

ఇక ధర్మపురిలో లారీకి అంత గిరాకీ ఎందుకొచ్చిందో చూడండి. 1906లో మొరప్పూరు నుంచి ధర్మపురికి చిన్న రైలు వేశారు, రెండున్నర అడుగుల వెడల్పు పట్టాలు. 1913లో దాన్ని హోసూరు దాకా పొడిగించారు. 1941లో, రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగా, ఆ లైను మూసేశారు. పట్టాలు పోయాక చింతపండు, మామిడికాయలు, ధాన్యం, రాళ్ళు ఏది కదలాలన్నా రోడ్డే దిక్కు. యుద్ధకాలంలో పెట్రోలుకు రేషను. బస్సుల వెనక బొగ్గు గ్యాసు డ్రమ్ములు కట్టుకుని నడిపిన రోజులు. యుద్ధం అయ్యాక మిలిటరీ వదిలేసిన బండ్లు, పెట్రోలు లారీలు కొన్నాళ్ళు తిరిగాయి.

తర్వాత డీజిల్ వచ్చింది. మద్రాసు ఎన్నూరులో 1948లో మొదలైన అశోక్ మోటార్స్ 1950ల మొదట్లో లేలాండ్ కామెట్ లారీలు బిగించడం మొదలుపెట్టి, 1955లో అశోక్ లేలాండ్ అయింది. జంషెడ్‌పూర్‌లో టెల్కో 1954లో డైమ్లర్-బెంజ్‌తో ఒప్పందం చేసుకుని టాటా-మెర్సిడెస్ లారీలు తెచ్చింది. 1969లో ఒప్పందం ముగిశాక ముందు గ్రిల్లు మీద నక్షత్రం పోయి టాటా గుర్తు వచ్చింది. ఆ నక్షత్రం ఉన్న బండిని "బెంజ్ లారీ" అనే పిలిచేవాళ్ళు మన పెద్దలు. 1980లో అశోక్ లేలాండ్ హోసూరులో ఫ్యాక్టరీ పెట్టింది. అప్పటికి హోసూరు మన జిల్లానే కాబట్టి మన పిల్లలు కొందరు లారీ నడపడం నుంచి లారీ తయారీకి కూడా వెళ్ళారు.

ఇక్కడే కందెన లెక్క తప్పింది. డీజిల్ ఇంజిన్లో ఆయిల్‌కు ఒక పని కాదు, ఐదు పనులు. రాపిడి తగ్గించాలి. పిస్టన్ దగ్గర వేడిని మోసుకుపోవాలి. రింగుకూ లైనరుకూ మధ్య సందు మూయాలి. డీజిల్ కాలగా వచ్చే మసిని కడిగి తనలో పట్టుకోవాలి. డీజిల్‌లోని గంధకం వల్ల పుట్టే ఆమ్లాన్ని చంపాలి. మొదటి మూడు పనులూ మామూలు ఖనిజ తైలం ఏదో రకంగా చేస్తుంది. చివరి రెండూ దాని వల్ల కాదు.

ఈ సంగతి ప్రపంచానికి తెలిసింది 1930లలో. అమెరికాలో క్యాటర్‌పిల్లర్ కంపెనీ డీజిల్ ట్రాక్టర్లలో పిస్టన్ రింగులు బంకతో ఇరుక్కుపోయేవి. ఆ బంకను కడిగే రసాయనాలు కలిపిన ఆయిల్‌ను 1935లో కాలిఫోర్నియా స్టాండర్డ్ ఆయిల్ కంపెనీ డెలో పేరుతో తెచ్చింది. డీజిల్ ఇంజిన్ లూబ్రికేటింగ్ ఆయిల్ అనే మాటల మొదటి అక్షరాలే ఆ పేరు. మన దగ్గర డబ్బాల మీద హెచ్.డి. 30, హెచ్.డి. 40 అని ఉండేది గుర్తుందా? హెచ్.డి. అంటే హెవీ డ్యూటీ. అంటే కడిగే గుణం ఉన్న ఆయిల్. పోసిన కొన్నాళ్ళకే నల్లబడేది. "కొత్త ఆయిల్ అప్పుడే నల్లబడింది, మోసం" అని గొడవపడిన ఓనర్లు ఉన్నారు. నిజానికి అది నల్లబడిందంటే మసిని ఇంజిన్ గోడలకు వదలకుండా తాను మోస్తోందని అర్థం.

ఇప్పుడు మా ఇంటి కథ.

1980ల చివర్లో మా పెద్దనాయన ఒక పాత లారీ కొన్నాడు. పెద్దమ్మ గాజులు కుదువ పెట్టి, మిగతాది వడ్డీకి తెచ్చి కొన్నాడు. నాలుగేళ్ళు పీపాలోంచి లూజుగా అమ్మే ఆయిలే పోశాడు. అది చవక, దాని మీద పేరు లేదు, గ్రేడు లేదు. బండి బాగానే తిరిగింది. నాలుగు లోడ్లు ఎక్కువ దొరికిన ఒక ఏడు, నా బండికి కూడా మంచిది పోస్తానని హెచ్.డి. 40 డబ్బాలు కొని పోశాడు. ఇన్నాళ్ళూ కష్టపడిన బండికి పండక్కి కొత్త బట్టలు కొన్నట్టు సంబరపడ్డాడట.

పదిహేను రోజులు తిరగకుండానే సేలం నుంచి లోడుతో వస్తూ తొప్పూరు ఘాట్ ఎక్కుతుండగా ఆయిల్ ప్రెషర్ ముల్లు పడిపోయింది. చీకట్లో ఎవరూ చూసుకోలేదు. ఇంజిన్ లోపల టకటకమని శబ్దం, ఆ తర్వాత పట్టేసింది. తెల్లారాక బండిని లాక్కొచ్చి మేస్త్రీ కింద ఛాంబర్ విప్పితే పంపు నోట్లో ఉండే జాలీ నిండా నల్లటి ముద్ద. నాలుగేళ్ళుగా పేరులేని ఆయిల్ పేర్చిన బంకనంతా మంచి ఆయిల్ కడిగి కిందికి దించింది. ఆ ముద్ద జాలీకి అడ్డంపడి పైకి ఆయిల్ వెళ్ళనివ్వలేదు. బేరింగులు పోయాయి, క్రాంకు పోయింది. ఇంజిన్ పనికి డబ్బు లేక బండిని ఉన్నపళంగా అమ్మేశారు. గాజులు తిరిగి రాలేదు. పెద్దనాయన ఆ తర్వాత జీవితాంతం ఇంకొకరి బండికి డ్రైవరుగానే ఉన్నాడు.

తప్పు మంచి ఆయిల్‌ది కాదు. పోసే ముందు ఛాంబర్ దించి, జాలీ కడిగి, ఫిల్టర్ మార్చి, మొదటి ఆయిల్‌ను కొద్ది రోజులకే తీసేసి ఉంటే బండి నిలిచేది. కానీ మా ఇంట్లో మిగిలిన పాఠం వేరు: "ఆయిల్ మార్చితే ఇంజిన్ పోతుంది. ఏది పోస్తున్నామో అదే పోయాలి." ముప్పై ఏళ్ళు అదే మాకు వేదవాక్కు. మీ ఇళ్ళల్లో కూడా ఇలాంటి రాత్రి ఒకటి ఉండి ఉంటుందని మా నమ్మకం.

"బ్రాండు మార్చొద్దు" అనే మాటకు ఇంకో చిక్కు కూడా ఉంది. బ్రాండ్లే మారిపోయాయి. 1974లో ఎస్సో ప్రభుత్వం చేతికొచ్చి హిందుస్తాన్ పెట్రోలియం అయింది. 1976లో బర్మా షెల్‌ను తీసుకున్నారు, అదే తర్వాత భారత్ పెట్రోలియం. ఇండియన్ ఆయిల్ 1972లో సర్వో తెచ్చింది. 1969లో మద్రాసు మణలిలో రిఫైనరీ మొదలై, ఇంజిన్ ఆయిల్‌కు మూలమైన బేస్ ఆయిల్ కూడా తయారుచేసింది. 1990లలో మార్కెట్టు తెరుచుకున్నాక విదేశీ డబ్బాలు వరస కట్టాయి. ఇన్ని మార్పుల మధ్య డబ్బా రంగును నమ్ముకుని కూర్చుంటే లాభం లేదు. నమ్మాల్సింది డబ్బా వెనకున్న చిన్న అక్షరాలను.

ఆ అక్షరాలు అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్‌వి, మనం ఏపీఐ అంటాం. డీజిల్ ఆయిల్‌కు మొదటి అక్షరం సీ. రెండో అక్షరం ముందుకు పోయేకొద్దీ ఆయిల్ కొత్తది, గట్టి పరీక్షలు దాటినది. సీడీ 1955 నాటి ఇంజిన్ల అవసరానికి పుట్టింది. సీఎఫ్-4 1990లో, సీహెచ్-4 1998లో, సీఐ-4 2002లో వచ్చాయి. సీకే-4 2016 చివర్లో వచ్చింది. 1994 బండికి సీఎఫ్-4 కాలం నాటి ఆయిలే పోయాలని లేదు. దాని తర్వాత వచ్చిన సీహెచ్-4, సీఐ-4 దానికన్నా మసిని బాగా పట్టుకుంటాయి, పాత ఇంజిన్లకు నిక్షేపంగా పనికొస్తాయి. సీకే-4 పోసినా తప్పులేదు గానీ, పొగగొట్టంలో ఫిల్టరున్న కొత్త బండ్ల కోసం అందులో బూడిద తగ్గించారు. ఆ ఫిల్టరు లేని మన బండికి ఆ అదనపు ఖర్చుతో పెద్ద లాభం లేదు. ఎఫ్ఏ-4 అనే పల్చటి రకం మాత్రం పాత ఇంజిన్లలో పోయకూడదు.

"పల్చటిది పోయొద్దు" అనే నియమం సంగతి ఇప్పుడు. పెద్దలు పోసింది 40 గ్రేడు, ఇప్పుడు అంగట్లో దొరికేది 15 డబ్ల్యూ 40. చేత్తో తాకితే పల్చగా ఉంటుంది కాబట్టి భయం. డబ్ల్యూ అంటే చలికాలం అని గుర్తు. ఆ ముందు అంకె చల్లటి ఇంజిన్ సంగతి చెబుతుంది. వెనకున్న 40 వేడి ఇంజిన్ సంగతి. నూరు డిగ్రీల వేడిలో ఒట్టి 40 గ్రేడైనా, 15 డబ్ల్యూ 40 అయినా ఒకే హద్దుల్లో ఉండాలి: 12.5 నుంచి 16.3 సెంటీస్టోక్సుల మధ్య. అంటే ఘాట్ ఎక్కేటప్పుడు రెండూ ఒకే చిక్కదనం. తేడా అంతా తెల్లవారుజామున. మార్గశిర మాసపు చలిలో బండి స్టార్ట్ చేస్తే చిక్కటి 40 పైదాకా చేరడానికి సమయం పడుతుంది, అంతసేపూ పైనున్న రాకర్లు ఎండి తిరుగుతాయి. 15 డబ్ల్యూ 40 తొందరగా చేరుతుంది. పుస్తకంలో 20 డబ్ల్యూ 40 అని ఉంటే అదీ మన వాతావరణానికి సరిపోతుంది.

"సగం కిలోమీటర్లకే మార్చెయ్" అన్న నియమానికి కారణం గంధకం. 1990ల మొదట్లో మన డీజిల్‌లో గంధకం నూటికి ఒక వంతు దాకా ఉండొచ్చు, అంటే పదివేల పీపీఎం. అది కాలి నీటి ఆవిరితో కలిసి గంధకామ్లమై లైనర్లను తినేది. ఆ ఆమ్లాన్ని విరిచే క్షారం ఆయిల్‌లో ఉంటుంది, దాన్నే టీబీఎన్ అనే అంకెతో కొలుస్తారు. అది తొందరగా అరిగిపోయేది. అందుకే పెద్దలు ముందే మార్చేశారు, అది వాళ్ళ తెలివి. 2000 నాటికి గంధకం 2,500 పీపీఎంకు దిగింది. 2020 ఏప్రిల్ నుంచి దేశమంతా అమ్మే బీఎస్-6 డీజిల్‌లో 10 పీపీఎం మాత్రమే. పదివేలు ఎక్కడ, పది ఎక్కడ! మన పాత బండి కూడా ఇప్పుడు తాగేది ఈ డీజిలే. కాబట్టి ఆమ్లం భయంతో సగానికే మార్చాల్సిన పని లేదు, పుస్తకంలో ఉన్న లెక్క చాలు. క్వారీల్లో దుమ్ములో తిరిగే టిప్పర్లు, రోజంతా ఆగి ఆగి నడిచే బండ్లు మాత్రం ముందే మార్చాలి. అక్కడ శత్రువు ఆమ్లం కాదు, దుమ్ము, మసి.

మా ఇల్లు రెండోసారి కూడా నష్టపోయింది. పెద్దనాయన కొడుకు, మా అన్న, తర్వాత కొంతకాలానికి టర్బో ఉన్న బండి కొన్నాడు. ఇంటి నియమం ప్రకారం పాతకాలపు 40 గ్రేడే పోశాడు. ఘాట్ ఎక్కి వచ్చి టీ కొట్టు దగ్గర ఆపి వెంటనే ఇంజిన్ కట్టేసేవాడు. టర్బో షాఫ్టు మంటలా కాగి ఉంటుంది, ఆయిల్ ప్రవాహం ఆగిపోతే అక్కడున్న ఆయిల్ మాడి బొగ్గవుతుంది. పాతరకం ఆయిల్ ఇంకా తొందరగా మాడుతుంది. ఏడాదిన్నరకే టర్బో పోయింది. తండ్రి కాలంలో ఆయిల్ మార్చి నష్టపోయాం, కొడుకు కాలంలో మార్చక నష్టపోయాం. రెండుసార్లూ తెలియనిది ఒకటే, ఎందుకు అనేది.

ఇక ఆ తమ్ముడి బండికి వద్దాం. మొన్న ఆదివారం మేము నలుగురం వెళ్ళి చూశాం. టాటా 697 ఇంజిన్, టర్బో లేదు. పాత ఓనరు ఏం పోశాడో తెలియదు. అందుకని ముందు ఛాంబర్ దించమన్నాం. జాలీ మీద కొంచెం ముద్ద ఉంది, పెద్దనాయన బండిలో ఉన్నంత కాదు గానీ ఉంది. కడిగి, కొత్త ఫిల్టర్ వేసి, సీఐ-4 15 డబ్ల్యూ 40 పోశాం. వెయ్యి కిలోమీటర్లకు దాన్ని తీసేసి, మళ్ళీ ఫిల్టరుతో సహా మార్చమన్నాం. ఆ తర్వాత నుంచి పుస్తకం లెక్క.

మిగతావాళ్ళకు కూడా పనికొస్తుందని కొన్ని మాటలు. బండిని చదునైన చోట ఆపి పది నిమిషాలాగి స్టిక్కు చూడండి. ఆయిల్ నల్లగా ఉంటే కంగారు వద్దు. మజ్జిగలా తెల్లబడితే నీళ్ళు కలుస్తున్నాయి, బండి కదపొద్దు. మట్టం తగ్గాల్సింది పోయి పెరుగుతూ డీజిల్ వాసన వస్తే పంపో నాజిలో కారుతోంది, ఆ పల్చబడిన ఆయిల్ బేరింగులను కాపాడలేదు. నీలి పొగ కొడుతూ బండి ఆయిల్ తాగుతుంటే రింగులు అరిగాయని అర్థం. చిక్కటి ఆయిల్ పోసి కొన్నాళ్ళు దాచొచ్చు గానీ ఏ డబ్బా కూడా అరిగిన రింగును తిరిగి పెంచలేదు. టర్బో బండి అయితే ఘాట్ ఎక్కాక రెండు మూడు నిమిషాలు ఐడిల్‌లో ఉంచి ఆపండి. ఖాళీ డబ్బాను అలాగే పారేయకుండా మేకుతో పొడిచి పారేయండి. లేకపోతే వడగట్టిన కాలిన ఆయిల్ అదే డబ్బాలో మళ్ళీ మన దగ్గరికే వస్తుంది. తీసేసిన ఆయిల్‌ను కాలువలోనో చేనిలోనో పోయకండి, తీసుకునే అనుమతి ఉన్నవాళ్ళకే ఇవ్వండి.

కొత్త బండి కొనే స్తోమత లేని మన పిల్లలు ఇంకా పాత బండ్లతోనే మొదలుపెడుతున్నారు. ఒక్క ఇంజిన్ పని పడితే ఏడాది సంపాదన పోతుంది. అందుకే ఒక మనవి. మీ ఇళ్ళల్లో పాత లారీల సర్వీసు పుస్తకాలు, ఆయిల్ బిల్లులు, బెంజ్ నక్షత్రం ఉన్న ఫోటోలు ఉంటే వచ్చే సమావేశానికి తీసుకురండి. మీ నాయనలు, తాతలు ఆయిల్ గురించి చెప్పిన నియమం ఏదైనా ఉంటే కింద రాయండి. దాంతోపాటు అది ఎందుకు చెప్పారో, ఏ రాత్రి ఏ బండికి ఏమైతే అది పుట్టిందో అదీ రాయండి. అన్నీ కలిపి ఒక చిన్న పుస్తకంగా వేసి, మన సంఘంలో బండి కొన్న ప్రతి తమ్ముడికీ ఒకటి ఇద్దాం.